మామగారి కారు, అల్లుడి చేతిలో స్టీరింగ్: ఒక క్లెయిమ్ ఫైల్

2025 ఫిబ్రవరి. ఆదివారం రాత్రి తొమ్మిది దాటాక సారు దగ్గర్నుంచి ఫోన్. ఆయన నాకు ఎనిమిదో తరగతిలో లెక్కలు చెప్పిన సారు. రిటైరై ఎనిమిదేళ్లవుతోంది. వనస్థలిపురంలో సొంత ఇల్లు, 2020 నవంబరులో కొన్న తెల్ల స్విఫ్ట్. కారు కొన్న రోజు నుంచీ దాని ఇన్సూరెన్స్ నా చేతి మీదుగానే జరుగుతోంది. కొత్తపేటలో చిన్న ఆఫీసు పెట్టుకుని ఇదే పని చేసే ఏజెంట్‌ని నేను.

"ఏం రా, అల్లుడు కారు గుద్దిండు. పాలసీ నా పేరు మీద ఉంది కదా. వస్తదా, రాదా?"

"ముందు మనుషులు ఎట్లున్నరు సార్?"

మనుషులు ఫర్వాలేదు, కానీ పూర్తిగా కాదు. జరిగింది ఇదీ. నాగోల్‌లో అమ్మ (సారు భార్యను నేను అమ్మ అనే పిలుస్తాను) వాళ్ల తమ్ముడు ఆమెకు ఒడిబియ్యం పోశాడు. సారుకు నాలుగు రోజుల ముందే కుడి కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. అందుకని ఆయన ఇంట్లో ఉండిపోయారు. కారు తాళాలు అల్లుడి చేతికిచ్చి పంపారు. తిరిగి వస్తుంటే చింతలకుంట దగ్గర ఒక స్కూటర్ రాంగ్ రూట్‌లో ఎదురొచ్చింది. అల్లుడు పక్కకు కోశాడు. అయినా స్కూటర్‌కు తగిలింది, కారు ముందు భాగం వెళ్లి డివైడర్‌ను కొట్టింది. స్కూటర్ మీది కుర్రాడికి కాలు విరిగింది. స్టీరింగ్ పట్టుకున్న అల్లుడికి కుడి మణికట్టు విరిగింది. ముందు సీట్లో ఉన్న కూతురికి బెల్టు ఒరుసుకుపోయిన గీత. వెనక సీట్లో అమ్మకు భుజం దగ్గర కమిలింది, ఒడిబియ్యం మూట విప్పుకుని కారంతా చల్లుకుపోయింది.

ఈ ఫైల్ గురించి వివరంగా రాయడానికి కారణం ఉంది. ఒకే ప్రమాదంలో కారు, ఎదుటి మనిషి, నడిపిన మనిషి, ముగ్గురి లెక్కలూ కలిసిపోయాయి. పైగా ఇంట్లో వాళ్లు భయపడినచోట ప్రమాదం లేదు, ధీమాగా ఉన్నచోట ఉంది. పేర్లు రాయడం లేదు. బిల్లు అంకెల్ని మాత్రం కొంచెం గుండ్రం చేశాను.

ఆ రాత్రి

ముందు చేయాల్సిన పనులు మూడే. కంపెనీ టోల్ ఫ్రీకి ఫోన్ చేసి క్లెయిమ్ నంబర్ తీసుకోవడం, కారును అక్కడి నుంచి కదిపే ముందు నాలుగు వైపులా ఫొటోలు తీయడం, షెడ్‌లో ఎవరూ ఒక్క బోల్టు కూడా విప్పకుండా చూడటం. గాయాలున్నాయి కాబట్టి పోలీస్ కేసు తప్పదు. రాత్రే ఎఫ్ఐఆర్ అయింది. భారతీయ న్యాయ సంహిత వచ్చాక ఇలాంటివి 281, 125 సెక్షన్ల కింద రాస్తున్నారు. డ్రైవర్ స్థానంలో అల్లుడి పేరు. ఎల్బీనగర్‌లో అల్లుణ్ని చేర్చిన ఆస్పత్రి కూడా పోలీసు కేసుల కోసం రాసే మెడికో లీగల్ కాగితంలో 'కారు నడుపుతుండగా' అని రాసుకుంది.

ఈ రెండు కాగితాల సంగతి గుర్తుంచుకోండి.

కారును స్టేషన్‌కు తీసుకెళ్లారు. మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టర్ వచ్చి చూశాక, నాలుగో రోజు వదిలారు. ఈలోగా ఇంట్లో పంచాయితీ మొదలైంది.

పంచాయితీ

సారు పెద్ద కూతురు టెక్సాస్‌లో ఉంటుంది. వాట్సాప్ కాల్‌లో ఆమె చెప్పిన మాటతో అందరికీ టెన్షన్ పట్టుకుంది: "మా దగ్గర ఇంట్లో బండి నడిపే వాళ్లందరి పేర్లూ పాలసీలో రాయించాలి నాన్నా. పేరు లేని వాళ్లు నడిపితే గొడవే." ఆమె చెప్పింది ఆమె దేశానికి నిజమే. అక్కడ ఇంట్లో ఎవరెవరు నడుపుతారు, వాళ్ల వయసెంత, పాత చలాన్లు ఎన్ని అని చూసి ప్రీమియం లెక్క కడతారు. మన ప్రైవేటు కారు పాలసీలో ఆ పద్ధతి లేదు. మన దగ్గర ఇన్సూరెన్స్ బండికి. నడిపే మనిషి గురించి పాలసీ అడిగేది లైసెన్స్ గురించే.

ఇది ఎవరికీ తెలియక, బెంగళూరులో ఉన్న కొడుకు ఒక ఉపాయం కనిపెట్టాడు. మరునాడు పొద్దున్నే నాకు ఫోన్.

"అన్నా, సింపుల్‌గా నాన్నే నడిపాడని రాసేద్దాం. పాలసీ ఆయనది, బండి ఆయనది. లైసెన్స్ ఫొటో పంపుతున్నా, క్లెయిమ్ ఫారం నింపేయ్."

ఈ మాట నాకు కొత్త కాదు. నెలకు రెండుసార్లైనా వింటాను. తమ్ముడు నడిపినా, మరదలు నడిపినా, పక్కింటబ్బాయి నడిపినా 'ఓనరే నడిపాడు' అని రాయించాలని చూస్తారు. మోసం చేద్దామని కాదు. ఓనర్ నడిపితేనే డబ్బులొస్తాయన్న ఒక గుడ్డి నమ్మకం. కొన్ని షెడ్లలో ఫారం నింపే కుర్రాళ్లు కూడా ఇదే సలహా ఇస్తారు.

నేను ఫోన్‌లో ఆ లైసెన్స్ ఫొటో తెరిచి పెద్దది చేసి చూశాను. చెల్లుబాటు తేదీ దగ్గర నా వేలు ఆగిపోయింది. 2024 ఆగస్టు.

సారు వయసు 66. యాభై ఐదు దాటిన వాళ్లకు లైసెన్స్ ఐదేళ్లకోసారి రెన్యూ చేయించుకోవాలి. 2019లో చేయించుకున్నారు, 2024లో మర్చిపోయారు. ఆరు నెలలుగా ఆయన గడువు దాటిన లైసెన్స్‌తో కూరగాయల మార్కెట్‌కీ, గుడికీ, నన్ను చూడటానికి కొత్తపేటకూ కారు నడుపుతున్నారు.

అల్లుడి లైసెన్స్ తెప్పించాను. 2012లో నల్గొండలో తీసుకున్నది. లైట్ మోటార్ వెహికల్, 2032 దాకా చెల్లుతుంది.

అంటే కొడుకు రాయించమన్నట్టు రాసి ఉంటే, చెల్లే లైసెన్స్ ఉన్న మనిషిని తీసేసి చెల్లని లైసెన్స్ ఉన్న మనిషిని డ్రైవింగ్ సీట్లో కూర్చోబెట్టినవాళ్లం. కంటికి ప్లాస్టిక్ మూత పెట్టుకుని ఉన్న మనిషిని! ఎఫ్ఐఆర్‌లో ఒక పేరు, ఆస్పత్రి కాగితంలో అదే పేరు, మా ఫారంలో మాత్రం ఇంకో పేరు. అది దొరకడానికి సీబీఐ అక్కర్లేదు.

నేను కొడుకుతో కొంచెం గట్టిగానే మాట్లాడాను. "తమ్ముడూ, నాన్న నడిపి ఉంటేనే ఈ క్లెయిమ్ పోయేది. బావగారు నడిపారు కాబట్టే వస్తది." అటు నుంచి కాసేపు మాట లేదు.

ఫారంలో ఒక గడి

మంగళవారం సారు ఇంట్లో కూర్చుని ఫారం నింపాం. సారు నల్ల కళ్లద్దాలు పెట్టుకుని పక్కన కూర్చున్నారు. ఫారం రెండో పేజీలో డ్రైవర్ వివరాలుంటాయి. పేరు, వయసు, లైసెన్స్ నంబర్, ఇచ్చిన ఆఫీసు, ఏ తరగతి బండికి, ఎప్పటిదాకా, ప్రమాద సమయంలో మద్యం తాగి ఉన్నాడా. వాటి మధ్యలో ఒక గడి ఉంటుంది: నడిపిన వ్యక్తి యజమానికి ఏమవుతాడు? ఓనరా, జీతం డ్రైవరా, బంధువా, స్నేహితుడా?

"చూడండి సార్, బంధువు నడపకూడదంటే ఈ గడి ఎందుకు అచ్చువేస్తారు?" అన్నాను.

సారు ఫారం చేతిలోకి తీసుకుని ఎడమ కంటికి దగ్గరగా పెట్టుకుని చదివారు. లెక్కల సారు కదా, ఆధారం చూపిస్తేనే నమ్ముతారు. తర్వాత పాలసీ కాగితంలో డ్రైవర్స్ క్లాజ్ కూడా చూపించాను. దాని సారాంశం: బీమా తీసుకున్న వారితో సహా ఎవరైనా నడపవచ్చు, అయితే ప్రమాద సమయానికి ఆ మనిషికి చెల్లే డ్రైవింగ్ లైసెన్స్ ఉండాలి, లైసెన్స్ పొందడానికి అనర్హుడై ఉండకూడదు. లెర్నర్స్ ఉన్నవాళ్లు కూడా నడపవచ్చు, మోటార్ వాహన నిబంధనల్లోని మూడో నిబంధన పాటిస్తే. అంటే పక్కన లైసెన్స్ ఉన్న మనిషి కూర్చుని ఉండాలి, బండికి ముందూ వెనకా ఎర్ర ఎల్ ఉండాలి.

'ఎవరైనా' అన్న ఆ ఒక్క మాట దగ్గర సారు పెన్నుతో సున్నా చుట్టారు. చుట్టం అవునా కాదా అన్న ఊసే లేదక్కడ. అల్లుడైనా, మేనల్లుడైనా, కాలనీ సెక్రటరీ అయినా కంపెనీకి ఒకటే.

దాని పక్కనే ఉండే ఇంకో పేరా గురించి అందరూ అడగరు కానీ, ఇళ్లలో బండ్లు చేతులు మారేటప్పుడు అదే ఎక్కువ దెబ్బ తీస్తుంది. కారును అద్దెకు తిప్పకూడదు, సరుకు మోయకూడదు, పందేలకు వాడకూడదు. ఇంతకుముందు నా దగ్గరే ఒక ఫైల్ పోయింది. అన్నయ్య కారును తమ్ముడు 'వారం రోజులు వాడుకుంటా' అని తీసుకెళ్లాడు. పండక్కి ఊరెళ్లే వాళ్లను డబ్బులు తీసుకుని దింపి వస్తుంటే యాక్సిడెంట్. తమ్ముడి లైసెన్స్ బాగానే ఉంది. కానీ కారులో ఉన్న ముగ్గురూ తలా ఇంత ఇచ్చామని పోలీసులకు చెప్పేశారు. కారు రిపేరు డబ్బులు రాలేదు. అన్నయ్యకు ఆ విషయం తెలియనే తెలియదు.

షెడ్

నష్టం అంచనా వేయడానికి కంపెనీ పంపిన సర్వేయర్ గురువారం వచ్చారు. నెమ్మదస్తుడు. బానెట్ కింద వేలుపెట్టి రేడియేటర్ సపోర్ట్ ఎంత వంగిందో చూశారు. ఛాసిస్ నంబర్ ముద్ర తీసుకున్నారు. తర్వాత లోపలికి వంగి ఆగిపోయారు. సీట్ల మధ్య, కార్పెట్ మీద, సీట్ బెల్ట్ లాక్‌లో కూడా పసుపు కలిపిన బియ్యం.

"ఒడిబియ్యమా?" అన్నారు. అవునన్నాను. ఒక ఫొటో తీసుకున్నారు. ఎందుకో నాకు అర్థం కాలేదు. తర్వాత అల్లుడి వాంగ్మూలం రాసుకుంటూ 'ఎక్కడి నుంచి వస్తున్నారు, కారులో ఎవరెవరున్నారు' అని అడిగినప్పుడు అర్థమైంది. చెప్పే మాటకూ కారులో కనిపించేదానికీ పొంతన కుదురుతోందా అని చూసుకుంటున్నారు. పోయేటప్పుడు సారు నల్లద్దాల వైపు చూసి నవ్వారు. "ఓనరే నడిపాడని రాసి ఉంటే నా మొదటి ప్రశ్న ఈ కళ్లద్దాల గురించే ఉండేది."

ఇక డబ్బు. మొత్తం బిల్లు 82,900. అందులో బానెట్, ఫెండర్ వంటి రేకు సామాను 22,000. బంపర్, గ్రిల్, హెడ్‌లైట్లు, అంటే ప్లాస్టిక్ 24,000. ముందు అద్దం 9,000. లేబర్ 14,000. పెయింట్ 12,000. కూలెంట్, క్లిప్పులు లాంటి చిల్లర 1,900.

కారు నాలుగేళ్లు దాటింది, ఐదు నిండలేదు. కాబట్టి రేకు మీద 35 శాతం తరుగు: 7,700. ప్లాస్టిక్‌కు కారు వయసుతో పని లేకుండా సగం: 12,000. అద్దానికి తరుగు లేదు. పెయింట్ బిల్లులో నాలుగో వంతును రంగు ఖరీదు అనుకుని అందులో సగం కోస్తారు: 1,500. లేబర్‌కు కోత లేదు. 1500 సీసీ లోపు కారు కాబట్టి ప్రతి క్లెయిమ్‌లోనూ మనం భరించాల్సిన 1,000. విప్పేసిన పాత సామాను విలువ కింద 800. చిల్లర 1,900 ఎలాగూ ఇవ్వరు. మొత్తం కోతలు 24,900. కంపెనీ ఇచ్చింది 58,000.

అల్లుడు నడిపాడని ఇందులో ఒక్క రూపాయి కూడా తగ్గలేదు. సారు ఆ లెక్కను పాత కవరు వెనక వేసుకుని రెండుసార్లు సరిచూసుకున్నారు. తర్వాత నా వైపు చూశారు. "ఈ 21,200 తరుగు లేకుండా ఏదో ఉంటదన్నవు కదా అప్పుడు?" జీరో డిప్. జనం బంపర్ టు బంపర్ అంటారు. క్రితం నవంబరులో ఆయనే వద్దన్నారు, బండి ఇంటి పట్టునే ఉంటుందని. నేనూ గట్టిగా చెప్పలేదు. ఆయన కారు తక్కువ తిరుగుతుందన్నది నిజమే కానీ, ఆ కారును ఇంకా ఎవరెవరు నడుపుతారని నేను ఏనాడూ అడగలేదు.

విరిగిన మణికట్టు ఎవరి ఖాతా?

ఈ కేసులో నన్ను బాగా ఇబ్బంది పెట్టింది ఈ ప్రశ్నే.

అల్లుడికి మణికట్టులో ప్లేటు వేశారు. కూతురు అడిగింది: "అన్నా, పాలసీలో పదిహేను లక్షల పర్సనల్ యాక్సిడెంట్ అని రాసి ఉంది కదా. ఆయనకు రాదా?"

రాదు. ఆ పదిహేను లక్షలు 'ఓనర్-డ్రైవర్' కవర్. ఆర్‌సీలో పేరున్న మనిషికి, ఆ మనిషి చెల్లే లైసెన్స్‌తో ఉన్నప్పుడు మాత్రమే. 2018 దాకా కార్లకు ఇది రెండు లక్షలే ఉండేది, ఆ ఏడాది పదిహేను లక్షలు చేశారు. అంకె పెద్దది కావడంతో ఇంటిల్లిపాదికీ వర్తిస్తుందని అనుకుంటారు. పైగా ఇది ఆస్పత్రి బిల్లులిచ్చే కవర్ కూడా కాదు. ప్రాణం పోతే, లేదా రెండు కాళ్లో చేతులో కళ్లో పోతే పూర్తి మొత్తం, ఒకటి పోతే సగం, శాశ్వతంగా ఏ పనీ చేయలేని స్థితి వస్తే పూర్తి మొత్తం. అతికే ఎముకకు అందులో చోటే లేదు. నడిపింది సారే అయి, మణికట్టు సారుదే విరిగినా పైసా వచ్చేది కాదు.

అల్లుడు థర్డ్ పార్టీ, అంటే బండి వల్ల దెబ్బతిన్న బయటి మనిషి కూడా కాడు. అడిగి తీసుకున్న బండిని నడిపేవాడు ఓనర్ స్థానంలో ఉన్నట్టే లెక్క. 2020లో రామ్‌ఖిలాడీ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. అడిగి తెచ్చుకున్న మోటార్ సైకిల్ నడుపుతూ ఒక మనిషి చనిపోయాడు. కుటుంబం ఆ బండి ఓనర్ మీద, ఆ బండి ఇన్సూరెన్స్ మీద నష్టపరిహారం అడిగింది. అతను ఓనర్ స్థానంలోకి వచ్చేశాడు కాబట్టి తన మీద తానే క్లెయిమ్ వేసుకున్నట్టవుతుందని కోర్టు ఒప్పుకోలేదు. పాలసీలో ఉన్న పర్సనల్ యాక్సిడెంట్ లక్ష రూపాయలు మాత్రం ఇమ్మంది. ఆ లక్ష కూడా సుప్రీంకోర్టు దాకా వెళ్లాక వచ్చింది. ఆఫీసులో ఫైల్ చూసే అధికారి 'ఓనర్-డ్రైవర్' అన్న మాట దగ్గరే ఆగిపోతాడు.

విచిత్రం చూడండి. వెనక సీట్లో కూర్చున్న అమ్మకు దారి ఉంది. సారుది సొంత కారు నష్టం కూడా కలిసి ఉండే ప్యాకేజ్ పాలసీ, ఉత్త థర్డ్ పార్టీ పాలసీ కాదు. ప్యాకేజ్ పాలసీలో కారులో కూర్చున్నవాళ్లకు కూడా కవర్ ఉంటుందని 2012లో బాలకృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. పక్క సీట్లోని కూతురికీ అంతే. స్టీరింగ్ పట్టుకున్న మనిషే బయట మిగిలిపోయాడు. ఎదుటి స్కూటర్ తప్పు నిరూపిస్తే దాని ఇన్సూరెన్స్ మీద అల్లుడు క్లెయిమ్ వేసుకోవచ్చు. రాంగ్ రూట్ కాబట్టి అవకాశం ఉంది కూడా. కానీ "ఆ పిల్లగాడి కాలు విరిగింది, మళ్లీ వాళ్ల మీద కేసా" అని అల్లుడే వద్దన్నాడు.

ఆస్పత్రి బిల్లును అతని ఆఫీసు గ్రూప్ హెల్త్ ఇన్సూరెన్స్ కట్టింది. అది లేకపోయి ఉంటే చేతి డబ్బులే. ఇప్పుడు అతను తన పేరు మీద వేరుగా ఒక పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ తీసుకున్నాడు. అది మనిషిని అంటిపెట్టుకుని ఉంటుంది. మామ కారైనా, తన బైకైనా, ఆర్టీసీ బస్సైనా పనిచేస్తుంది.

నా తప్పు కూడా ఇక్కడే ఉంది. 2024 నవంబరులో ఆన్‌లైన్‌లో పాలసీ రెన్యూ చేస్తుంటే 'యజమానికి చెల్లే డ్రైవింగ్ లైసెన్స్ ఉంది' అనే గడి వచ్చింది. టిక్ పెట్టేశాను. అడగలేదు. సారు నాలుగేళ్లుగా నడుపుతున్నారు కదా, ఉంటుందిలే అనుకున్నాను. లేదు. అంటే ఆయన దగ్గర ఓనర్-డ్రైవర్ కవర్‌కు ప్రీమియం తీసుకున్నాం, ఆ కవర్ ఆయనకు పనిచేసే స్థితిలో లేదు. ఈ సంగతి సారుకు చెప్పడానికి రెండు రోజులు ఆగాను. చెప్పాక ఆయన తిట్టలేదు. "స్టెప్పు ఎగ్గొట్టినవు" అన్నారు. ఎనిమిదో తరగతిలోనూ అదే మాట అనేవారు.

సారే నడిపి ఉంటే?

అల్లుడు లేకుండా, కన్ను బాగున్న రోజు సారే నడుపుతూ అదే స్కూటర్‌ను కొట్టి ఉంటే? కారు డబ్బులు, ఆ 58,000, పోయేవి. అది చిన్న నష్టం. కుర్రాడి కాలు సంగతి పెద్దది. లైసెన్స్ లేకుండా నడిపిన కేసుల్లో దెబ్బ తగిలిన వాళ్లకు ముందు కంపెనీ కట్టి, తర్వాత ఓనర్ దగ్గర వసూలు చేసుకోవాలన్న దారిని 2004లో స్వరణ్ సింగ్ కేసు తీర్పు బాగా స్థిరపరిచింది. దెబ్బ తగిలిన వాడికి అది న్యాయమే. సారు వైపు నుంచి చూస్తే, ఆ మొత్తమంతా ఆయన పెన్షన్ మీద, వనస్థలిపురం ఇంటి మీద పడుతుంది.

గడువు దాటిన ఏడాదిలోపు దరఖాస్తు పెడితే డ్రైవింగ్ టెస్టు లేకుండా రెన్యూ అవుతుంది. ఏడాది దాటితే మళ్లీ టెస్టే. కానీ ఈరోజు రెన్యూ చేయించుకుంటే ఈరోజు నుంచే చెల్లుతుంది, మధ్యలో పోయిన నెలలు తిరిగి రావు. సారు కన్ను కుదుటపడ్డాక డాక్టర్ సర్టిఫికెట్ తీసుకుని మే నెలలో చేయించుకున్నారు. అప్పటిదాకా తాళాలు అమ్మ దగ్గర ఉన్నాయి. అమ్మకు డ్రైవింగ్ రాదు, కాబట్టి భద్రంగానే ఉన్నాయి.

కుర్రాడి కేసు

2022 ఏప్రిల్ నుంచి వచ్చిన కొత్త నిబంధనల ప్రకారం పోలీసులు 48 గంటల్లో రోడ్డు ప్రమాదాల పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌కు మొదటి రిపోర్టు, 90 రోజుల్లో వివరమైన రిపోర్టు ఇవ్వాలి. డ్రైవర్ వివరాలకు ఒక ఫారం, ఓనర్ వివరాలకు వేరే ఫారం. అల్లుడు ఒకటి నింపాడు, సారు ఒకటి నింపారు. కొడుకు చెప్పినట్టు చేసి ఉంటే ఇక్కడ ఇంకోసారి ఇరుక్కునేవాళ్లం.

కొన్ని నెలలకు ట్రిబ్యునల్ నోటీసు వచ్చింది. సారు జీవితంలో కోర్టు మెట్లెక్కని మనిషి. చేతులు వణుకుతూ తెచ్చారు. ఇలాంటి నోటీసును బీరువాలో దాచడం చాలా ఇళ్లలో జరిగే పొరపాటు. మనకొచ్చిన ప్రతి నోటీసునూ వెంటనే కంపెనీకి పంపాలని పాలసీ షరతుల్లోనే ఉంటుంది. పంపాం, అందినట్టు ముద్ర వేయించుకున్నాం. కంపెనీ తన వకీలును పెట్టింది. రాంగ్ రూట్ వల్ల కుర్రాడి వైపు కూడా కొంత తప్పుందన్న వాదన నడుస్తోంది. కేసు ఇంకా తేలలేదు. తేలినప్పుడు కట్టేది కంపెనీయే. ఆ ఏడాది 3,416 రూపాయల థర్డ్ పార్టీ ప్రీమియం కట్టింది ఇందుకే.

ఇలాంటి ఇళ్ల నుంచే వచ్చే ఇంకో ఫోన్ గురించి కూడా చెప్పాలి. "నాన్న పోయి రెండేళ్లయింది, కారు నేనే వాడుతున్నా, పాలసీ ఆయన పేరు మీదే కడుతున్నా, ఫర్వాలేదు కదా?" అంటారు. ఫర్వా ఉంది. పాలసీదారు చనిపోతే ఆ పాలసీ మూడు నెలలు లేదా గడువు తేదీ, ఏది ముందైతే అంతవరకే నిలుస్తుంది. ఆలోగా వారసుల పేరు మీదకు మార్పించుకోవాలి. అక్కడ లైసెన్స్ బంగారంలా ఉన్నా లాభం లేదు, ఎందుకంటే పాలసీలో మనిషే లేడు. మైనర్ పిల్లల సంగతి అయితే ఇన్సూరెన్స్ కంటే ముందు జైలు దాకా వెళ్తుంది. 2019 సవరణ తర్వాత మైనర్ నడిపి నేరం జరిగితే తల్లిదండ్రికి లేదా బండి ఓనర్‌కు మూడేళ్ల దాకా శిక్ష, 25,000 జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. "కాలనీలోనే కదా అన్నా" అంటారు. కాలనీలో కూడా గేటు బయట ఉన్నది రోడ్డే.

నవంబరు

2025 నవంబరులో రెన్యువల్ రోజు వచ్చింది. సారుకు అప్పటికి 45 శాతం నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ లేని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) ఉంది. యాక్సిడెంట్ కాకపోతే ఈసారి 50 అయ్యేది. ఇప్పుడు సున్నా. బోనస్ పాలసీదారుది కాబట్టి, క్లెయిమ్‌కు కారణం ఎవరైనా పోయేది ఆయనదే. అల్లుడు మొహమాటపడి, "మామయ్యా, అది నేను కడతా" అన్నాడు.

సారు మళ్లీ కవరు వెనక లెక్క మొదలుపెట్టారు. సొంత డ్యామేజీ ప్రీమియం, అంటే మన కారు నష్టం కోసం కట్టేది, 6,000 అనుకుందాం, ఏటా అంతే ఉందనుకుందాం. ఈ ఏడాది 50 బదులు సున్నా, నష్టం 3,000. వచ్చే ఏడాది 50 బదులు 20, నష్టం 1,800. తర్వాత 25కు 1,500, 35కు 900, 45కు 300. ఐదేళ్లలో మొత్తం 7,500. "అంటే ఏడున్నర వేల లోపు గీతలకు క్లెయిమ్ పెట్టొద్దన్నమాట. 58,000కు పెట్టినం, కరెక్టే." అల్లుడి వైపు తిరిగి, "నువ్వేం కట్టకు. దసరాకు స్వీట్లు తెచ్చినవు కదా, సరిపోయింది" అన్నారు.

ఈసారి నేను టిక్ పెట్టే ముందు లైసెన్స్ అడిగాను. సారు ఒకటి కాదు, నాలుగు పంపారు: తనది, అల్లుడిది, చిన్న కూతురిది, బెంగళూరు కొడుకుది. అన్నీ ఒకే తెల్ల కాగితం మీద జిరాక్స్ తీయించి, ఒక్కోదాని పక్కన గడువు తేదీ తన చేతిరాతతో రాశారు. కొడుకుది 2026 జనవరి ఐదున అయిపోతుంది. సంక్రాంతికి ఇంటికొచ్చి కారు తాళాలు అడిగేది అతనే. ఆ తేదీ కింద సారు ఎర్ర ఇంకుతో రెండు గీతలు గీశారు.